ఉప్పలమ్మక్క పుస్తెలు

మా తోటికోడలు ఉప్పలమ్మక్క మెడలో పుస్తెలతాడు ఉంటుంది. దానికి రెండు పుస్తెలు, నల్లపూసలు, ఒక పగడం, ఇవిగాక ఒక గుత్తి పిన్నీసులు. చీర కుచ్చిళ్లు జారినా, జాకెట్ హుక్కు ఊడినా, పక్కింటి పిల్ల స్కూలు బ్యాడ్జి ఊడిపోయినా అక్క చెయ్యి మెడ దగ్గరికే పోతుంది. నాచారంలో మా గల్లీవాళ్లెవరూ పిన్నీసు కోసం దుకాణానికి పోరు. ఆ తాడు కట్టిన మనిషి మాత్రం ఆమె దగ్గర లేడు. నాగారంలో ఇంకొకామె ఇంట్లో ఉంటాడు.

ఇదంతా చెబుతున్నది ఆ మనిషి తమ్ముడి భార్యను, ప్రవీణను. ప్రైవేటు స్కూల్లో తెలుగు పాఠాలు చెబుతాను. నాకు కోపం ఎక్కువని మా స్కూల్లో ఏ పిల్లను అడిగినా చెబుతుంది. మా బావ బాలనర్సింహ పేరు వచ్చిన చోటల్లా నా మాట కొంచెం గరుకుగా ఉంటే సర్దుకోండి. ఆయన మీది కోపం దాచుకోవడం నా వల్ల కాదు, ప్రయత్నం కూడా చెయ్యను.

అక్క పుట్టింది ఆలేరు పక్కన ఒక పల్లెలో. పెళ్లయ్యాక బావతో నాచారం వచ్చింది. బావ ఫ్యాక్టరీల సరుకు చేరవేసే డీసీఎం వ్యాను నడిపేవాడు. అక్క మందుగోలీలు ప్యాకింగ్ చేసే కంపెనీలో చేరింది. బెల్టు మీద గోలీల అట్టలు వరసగా పోతుంటాయి. ఏ అట్టలోనైనా ఒక గూడు ఖాళీగా కనబడితే దాన్ని తీసి పక్కన పడెయ్యాలి. ఇన్నేళ్లూ అదే పని. ఇంటికొచ్చి పడుకున్నా కళ్ల ముందు బెల్టు నడుస్తూనే ఉంటుందని నవ్వేది. ఇంట్లో ఖాళీ అయిన గూడు గురించి మాత్రం ఎప్పుడూ ఎత్తేది కాదు.

పిల్లలు కలగలేదు. బావ పోవడానికి అదే కారణమని గల్లీ తీర్పు ఇచ్చేసింది. నాగారంలో కూడా కలగకపోయేసరికి ఆ మాట ఎత్తడం మానేసి వేరే ఇళ్ల సంగతుల్లో పడింది. నిజానికి జరిగింది చాలా చిన్న విషయం. రాంపల్లి వైపు రూటు పడిన ఏడాది బావ నాగారంలో దుర్గాభవాని అనే ఆమె నడిపే మెస్సులో మధ్యాహ్నం అన్నం తినేవాడు. కొన్నాళ్లకు రాత్రి అన్నం కూడా అక్కడే అయింది. ఒకరోజు రెండు లుంగీలు, గడ్డం గీసుకునే డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. కొట్లాట లేదు, పంచాయితీ లేదు. సంచి సర్దింది కూడా అక్కేనట. మొదట్లో ఆదివారాలు వచ్చేవాడు, తరువాత పండగలకు, తరువాత బోనాలకు. ఆ తరువాత అదీ లేదు.

అక్క మాత్రం ఆదివారం బోటి కూర వండటం మానలేదు. బావకు బోటి అంటే ప్రాణం. అక్కకు దాని వాసనే పడదు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వండుతుంది. మధ్యాహ్నం దాటేదాకా గుమ్మం వైపు చూసి, ఇక లాభం లేదని గిన్నె మా ఇంటికి పంపుతుంది. మా ఆయన లొట్టలు వేసుకుంటూ తింటాడు. నాకు ముద్ద దిగదు. ఒక మనిషి ఆశను మేమిద్దరం కూర్చుని తింటున్నట్టు అనిపిస్తుంది. ఎన్నోసార్లు చెప్పాను, ఆ తాడు తీసి పెట్టెలో పడేసి నీ బతుకు నువ్వు బతకమని. ఆమె పిన్నీసులు సర్దుకుంటూ వినేది, లేదా విన్నట్టు ఉండేది.

మొన్న చలికాలంలో దగ్గు పట్టుకుంది. గల్లీ చివరి డాక్టరు సిరప్ ఇచ్చాడు, తరువాత ఇంకో రంగు సిరప్ ఇచ్చాడు. ఒకరోజు ఉమ్మిలో నెత్తురు జీర కనబడింది. అప్పుడు ఉప్పల్‌లో పెద్ద దవాఖానాకు తీసుకుపోయాను. సీటీ తీశారు, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు, ఒళ్లంతా ఇంకో స్కాన్ చేశారు. బీడీ ముట్టని మనిషికి, తంబాకు వాసన తెలియని మనిషికి ఊపిరితిత్తి క్యాన్సర్ అన్నారు. ఇలాంటివాళ్లకు కూడా ఒక్కోసారి వస్తుందని డాక్టర్ రామ్మోహనరావు చెప్పారు. ఆయన మీద కూడా నాకు కోపం వచ్చింది. పాపం, ఆయన తప్పేమీ లేదు.

వేరే ఎక్కడికీ పాకలేదు, అది మంచి సంగతి అన్నారు. చెడ్డ సంగతి గడ్డ ఉన్న చోటు. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో, గుండె నుంచి ఊపిరితిత్తికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం పక్కనే ఉంది. రెండింటి మధ్య సన్నని గీతలాగా కొవ్వు పొర కనబడాలి. అక్క సీటీలో ఒకచోట ఆ గీత లేదు. గడ్డ నాళానికి ఊరికే ఆనుకుని ఉండవచ్చు, లేదా దాని గోడలోకి దిగిపోయి ఉండవచ్చు. ఆనుకుని ఉంటే ఆపరేషన్ చేసి తీసేస్తారు, అక్క బతికి బట్టకడుతుంది. గోడలోకి దిగిపోతే ఆపరేషన్ కుదరదు, మందులూ రేడియేషన్ కరెంటూ పెట్టి ఎన్నాళ్లు నెట్టుకొస్తే అన్నాళ్లు.

ఛాతీ తెరిచి చూసి తెలుసుకోవడం కన్నా ముందే, కోత లేకుండా తెలుసుకునే దారి ఒకటుందని డాక్టరు చెప్పారు. ఎమ్మారైలో పడుకోబెట్టి, ఊపిరి తీస్తూ వదులుతూ ఉండగా వరసగా బొమ్మలు తీస్తారట. ఆయన ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి పెట్టి చూపించారు. కుడి చెయ్యి జారింది. ఊపిరితో పాటు గడ్డ ఇట్లా నాళం మీద జారితే అతుక్కోలేదని అర్థం. తరువాత రెండు చేతులూ కలిపి ఒక్కటిగా కదిపారు. ఇట్లా కదిలితే అతుక్కుందని అర్థం. నూటికి నూరుపాళ్లు అని చెప్పలేం గానీ, మాకు దారి చూపించేది అదే అన్నారు. అక్క ఆ చేతులకేసి అలా చూస్తూనే ఉండిపోయింది.

స్కాన్ సెంటర్ ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గరే. అక్కడ ధనశ్రీ అనే పిల్ల మిషన్ చూసుకుంటుంది. ఒంటి మీద ఇనుము, వెండి, బంగారం ఏదీ ఉండకూడదంది. మట్టెలు సబ్బు రాసి ఎలాగో ఊడదీశాం. పుస్తెలు కూడా తియ్యమంది. అక్క తల ఊపి, పరదా వెనక్కి పోయి, గౌను వేసుకుని బుద్ధిమంతురాలిలా వచ్చింది. మెడ బోసిగా ఉంది. నాకు ఆశ్చర్యమే వేసింది, ఇంత తొందరగా ఒప్పుకుందా అని. ధనశ్రీ చేతిలో ఇనుము పసిగట్టే కర్ర ఒకటి ఉంది. దాన్ని కాళ్ల నుంచి పైకి తెచ్చింది. ఛాతీ దాటింది, మెడ దాటింది. తల దగ్గరికి రాగానే కుయ్యిమంది.

కొప్పులో ఉంది తాడు. చుట్టలు చుట్టి, పిన్నీసులతో సహా, జుట్టు మధ్యలో కుక్కేసింది. ధనశ్రీ ముఖం పాలిపోయింది. లోపల పెద్ద అయస్కాంతం ఉంటుందని, ఆ పిన్నీసులు ఎగిరొచ్చి కంట్లో గుచ్చుకున్నా దిక్కుండదని చెప్పింది. అక్క కొప్పు విప్పి తాడు మళ్లీ మెడలో వేసుకుంది. అప్పటికి మా వంతు ఇంకొకరికి పోయింది.

మెట్రో మెట్ల కింద నిలబెట్టి అక్కను తిట్టాను. పిల్లల్ని కూడా అట్లా తిట్టను. గర్భసంచి ఆపరేషన్లకు పోయే ఆడవాళ్లంతా పుస్తెలు తీసి, పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకుని పోవడం లేదా? నీ ఒక్కదానికే ఉందా మొగుడు, ఉన్నా ఏ మొగుడు? అంత మాటా అన్నాను. అక్క కోపం తెచ్చుకోలేదు.

"నా చేతుల్తోని ఇప్పితె ఆయనకు ఏమన్న అయితె? బండి మీద తిరిగే మనిషి. ఆయనే ఇప్పాలె, ఆ పసుపు కొమ్ము గూడ ఆయనే కట్టాలె. నా అంతట నేను ఇప్పిననంటె ఆయనను వదిలేసినట్టు అయితది చెల్లె. నేను వదల్లే."

ఊపిరితిత్తిలో గడ్డ పెట్టుకుని, ఇంకొకామె ఇంట్లో పడుకునే మనిషి ప్రాణానికి ఈమె కాపలా. నాకు ఆ రోజు వచ్చింది కోపమో ఏడుపో తెలియదు. అయినా గడ్డ నా కోపం చూసి ఆగదు కదా. స్కూలుకు సెలవు పెట్టి నాగారం బయలుదేరాను. ఏఎస్ రావు నగర్ దాటి ఆటో పోతున్నంతసేపూ దుర్గాభవానిని ఏమేమి అనాలో మనసులో వాక్యాలు కట్టుకున్నాను. తెలుగు టీచరును, మంచి మంచి వాక్యాలే కుదిరాయి.

ఒక్కటీ పనికి రాలేదు. మెస్సు ముందు ఒకామె కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. సన్నగా, అలసిపోయి, నాకన్నా పెద్దగా ఉంది. నేనెవరో చెప్పగానే కత్తి పక్కన పెట్టి, స్టూలు తెచ్చి వేసింది. బావ బండి మీద బయటికి పోయాడట. మొత్తం చెప్పాను, గడ్డ సంగతి, నాళం సంగతి, పుస్తెల సంగతి. ఆమె మధ్యలో ఒక్కసారే నోరు తెరిచింది, నొప్పి ఉందా అని అడగడానికి. అప్పుడు చూశాను, ఆమె మెడలో ఏమీ లేదు. నేను చూశానని ఆమె కూడా చూసింది.

"నాకు కట్టలే" అంది. "అడిగిన మొదట్ల. ఒకలకు కట్టిన, అయిపోయింది అన్నడు. తోలిస్త అమ్మా, తప్పకుండ తోలిస్త."

తిరిగి వస్తుంటే ఆటోలో నాకు చాలా చిరాకుగా అనిపించింది. ఒక శత్రువు తగ్గిపోయింది మరి.

స్కాన్‌కు మళ్లీ వంతు ఇచ్చిన రోజు బావ వచ్చాడు. నేను అనుకున్నంత రాక్షసుడిలా లేడు. జుట్టు నెరిసి, పొట్ట వచ్చి, నడుం కొద్దిగా వంగి, స్కాన్ సెంటర్ అద్దాల తలుపు ముందు చెప్పులు విప్పాలా వద్దా అని నిలబడి ఉన్నాడు. జేబులో కాగితం పొట్లం, అందులో పసుపు కొమ్ము కట్టిన తాడు. తాడుకు పసుపు తడిగా, మందంగా పట్టించి ఉంది. బావకు అంత ఒద్దిక లేదు. దుర్గాభవాని చేసి పంపిందని నాకు అర్థమైంది, అక్కకూ అర్థమైంది.

బట్టలు మార్చుకునే గది ముందు కుర్చీలో అక్క కూర్చుంది. బావ వెనక నిలబడి తాడు పైకి తీశాడు. కొసలో గుత్తిగా పిన్నీసులు వచ్చాయి.

"ఇన్ని పిన్నీసులేందే?" అన్నాడు. ఏళ్ల తరువాత భార్యతో అన్న మొదటి మాట అది.

అక్క నవ్వింది. దగ్గు అడ్డం పడేదాకా నవ్వింది. పెళ్లికాని పిల్ల నవ్వులా ఉంది ఆ నవ్వు. బావ పసుపు తాడు మెడ చుట్టూ వేసి మూడు ముళ్లు వేశాడు. రెండో ముడి జారిపోతే మళ్లీ వేశాడు. అక్క కళ్లు మూసుకుని ఉంది. ధనశ్రీ గోడకేసి తిరిగి ముక్కు తుడుచుకుంది. ఆ పిల్లకేం తెలుసు ఈ మొగుడి సంగతి, అని నేను లోపల్లోపల పళ్లు కొరికాను. కానీ అక్క ముఖం చూశాక నా పళ్లు ఎందుకు కొరుకుతున్నానో నాకే తెలియలేదు.

అక్క లోపల ఉన్నంతసేపూ బావ పుస్తెలు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. గోడ అవతల మిషన్ దడదడ కొడుతోంది. ఊపిరి గుంజు, వదులు అని ధనశ్రీ మైకులో చెబుతున్న మాట సన్నగా వినబడుతోంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన కూడా ఊపిరి గుంజి వదులుతున్నాడు. అక్క బయటికి వచ్చాక పుస్తెలు మళ్లీ కట్టి, ఆటో ఎక్కించి, రిజల్టు రాగానే ఫోన్ చెయ్యమని నాతో చెప్పి, నాగారం వెళ్లిపోయాడు. అక్క ఆటో వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది, మలుపు తిరిగేదాకా.

రిజల్టు రోజు డాక్టర్ రామ్మోహనరావు బొమ్మను తెర మీద కదిలించి చూపించారు. తెల్లటి గొట్టం నాళం. పక్కన బూడిదరంగు ముద్ద గడ్డ. ఊపిరి తీసినప్పుడు గడ్డ కిందికి జరిగింది, నాళం తన చోటనే ఉంది. వదిలినప్పుడు గడ్డ మళ్లీ పైకి వచ్చింది. రెండింటి మధ్య ఏ పట్టూ లేదు. మళ్లీ మళ్లీ చూపించారు, ఆయనకు కూడా సంతోషంగానే ఉంది. అతుక్కోలేదు, ఆ ఊపిరితిత్తి పైభాగం తీసేస్తే సరిపోతుంది, ఆలస్యం చెయ్యకుండా తారీఖు చెప్పండి అన్నారు. ఇంటికాడ అడిగి చెబుతామంది అక్క. ఆమె ఇంట్లో అడగడానికి ఎవరున్నారు?

బయట మెట్రో పిల్లర్ పక్కన చెరుకురసం బండి ఉంటే రెండు గ్లాసులు చెప్పాను. సంతోషం పట్టలేక రసం బండి ఆయనకు కూడా చెప్పబోయాను, మా అక్క బతుకుతుందని. అక్క బెంచీ మీద కూర్చుని గ్లాసు వైపు చూస్తోంది.

"ఒక మాట చెప్త, తిట్టొద్దు" అంది. "అతుక్కున్నదని రావాలె అని మైసమ్మకు మొక్కుకున్న."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మిషన్ల పండుకున్న గదా. ఊపిరి గుంజు, వదులు అంటున్నది ఆ పిల్ల. ఊపిరి గుంజినప్పుడల్ల జారకు, జారకు అనుకున్న. అతుక్కుంటె ఆయన వస్తుండె చెల్లె. పోయే మనిషి కాడికి ఎవ్వలైన వస్తరు. నేను మంచిగైతె ఇంక ఎందుకొస్తడు?"

ఆ తరువాత అసలు సంగతి చెప్పింది. బావకు ఫోన్ చేసి అతుక్కుందనే చెప్పమంది. డాక్టరుతో ఆపరేషన్ వద్దు, మందులే ఇవ్వండి అనమంది. మందులంటే నెలనెలా దవాఖానాకు రావాలి, ఆయన తోలుకొస్తాడు, పక్కన కూర్చుంటాడు. ఎన్ని నెలలైతే అన్ని నెలలు. గోలీల అట్టలు చూసే కంపెనీలో ఇన్నేళ్లు పనిచేసిన మనిషి, ఏ మందు ఎంత పని చేస్తుందో తెలియనిది కాదు. తెలిసే అడుగుతోంది. చేతిలో గ్లాసు విసిరి కొట్టాలనిపించింది. ఆమెను గట్టిగా పట్టుకోవాలనిపించింది.

అప్పుడే నా ఫోన్ మోగింది. బావ. మేము చేసేదాకా ఆగలేకపోయాడు. రోడ్డు మీద బస్సుల చప్పుడుకు వినబడదని స్పీకర్ పెట్టాను.

"ప్రవీణా, ఏమన్నరమ్మా డాక్టరు?"

అక్క నా ముఖంలోకి చూసింది. అంత బతిమాలే చూపు నేను జన్మలో చూడలేదు. ఆమె కోసం అబద్ధం ఆడితే ఆమె పోతుంది, నిజం చెబితే ఆయన రాడు. నా నోరు పెగల్లేదు. నేను నోరు తెరవకపోవడం మా ఇంట్లో ఎప్పుడూ జరగని పని. ఆయన దాన్నే జవాబు అనుకున్నాడు.

"అతుక్కున్నదా?" అన్నాడు. ఏదో గిన్నె కింద పడిన చప్పుడు, వెనక నుంచి దుర్గాభవాని ఏమైంది ఏమైంది అని అడగడం, ఆపైన ఏడుపు. ముసలితనం దగ్గర పడ్డ మగవాడు, సిగ్గు లేకుండా, గొంతు పగిలిపోయేటట్టు ఏడుస్తున్నాడు. మధ్యలో అక్క పేరు అంటున్నాడు.

అక్క ఆ ఫోన్ వైపు కాసేపు చూసింది. కోరుకున్నది చేతికి వచ్చేసింది. ఇక ఆమె ఊరుకుంటే చాలు, రేపటి నుంచి ఆయన ఆమె గుమ్మంలో ఉంటాడు. అక్క చెయ్యి చాపి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"లేదు" అంది. "అతుక్కోలే. ఏడువకు."

అవతల ఏడుపు ఆగింది.

"జారిందంట. కోసి తీసేస్తరంట, మంచిగైతనంట. ఒట్టు. నువ్వేం ఫికర్ జెయ్యకు. నువ్వు రాకున్నా అయితది."

ఆయన హమ్మయ్య అన్నాడు, దేవుడా అన్నాడు, మళ్లీ ఏడ్చాడు, ఈసారి వేరే ఏడుపు. ఏడ్చుకుంటూ బండి నడపొద్దని చెప్పి అక్క ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక కూడా ఆమె వేళ్లు దాన్ని వదల్లేదు.

"నువ్వు గూడ ఇన్నవ్ గదా?" అని అడిగింది. "నాకోసం ఏడ్చిండు."

విన్నాను అన్నాను. నాకు ఆ మనిషి మీద ఉన్న కోపం అలాగే ఉంది, కానీ ఆ ఏడుపు మాత్రం అబద్ధం కాదు. ఆ మాట కూడా అక్కకు చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది.

"పా" అంది. "డాక్టరు పోకముందే తారీఖు అడుగుదాం."